గమ్ పడదన్నాయన చేత గమ్ నమిలించాను

పొగ మానాలనుకునేవాళ్లకి కౌన్సెలింగ్ చేయడం నా ఉద్యోగం. "నికోటిన్ గమ్ నాకు పడదండీ, ఎక్కిళ్లు, గుండెల్లో మంట" అంటూ ఒకాయన వచ్చారు. ఏదీ, నా ముందే ఒకటి నమలండి అన్నాను. మామూలు చూయింగ్ గమ్‌లా టకటకా నమిలి, ఊరిన నీళ్లన్నీ గుటుక్కున మింగేశారు. తంటా అక్కడే ఉంది. ఆ నికోటిన్ ఒంటికి పట్టాల్సింది బుగ్గ లోపలి పొర నుంచి. మింగితే మంట మిగులుతుంది, పని జరగదు.

నెమ్మదిగా నమలమన్నాను. మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమిలి, ఈసారి రెండో పక్కన. ఒక్కో బిళ్ల అరగంట వస్తుంది. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ ముట్టకూడదు. నోట్లో పులుపుంటే నికోటిన్ సరిగా ఎక్కదు. చాలామందికి ఈ ముక్క ఎవరూ చెప్పరు, పాపం.

ఆయన నిద్ర లేచిన అరగంటలోపే తొలి సిగరెట్ వెలిగించే మనిషి. అలాంటివాళ్లకి 2 మిల్లీగ్రాముల గమ్ ఆనదు, 4 కావాలి. రోజుకి 10కి పైగా కాల్చేవారు కాబట్టి, డాక్టరుగారు ఒంటికి అంటించుకునే 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్ కూడా తోడు చేశారు. రాత్రి పిచ్చి కలలొస్తున్నాయంటే పడుకునేముందు దాన్ని తీసేయమన్నాను.

మందు కంటే మొండిది భోజనం తర్వాతి పది నిమిషాలు. చెయ్యి కడగ్గానే కాళ్లు వాటంతటవే బయటికి నడిచేవట. ఆ వేళకి గిన్నెలు తోమే పని పెట్టుకోమన్నాను. తడి చేతుల్తో అగ్గిపుల్ల గీయలేరుగా! ఇప్పుడు 14 మిల్లీగ్రాముల ప్యాచ్‌కి దిగారు, ఎక్కిళ్లు మళ్లీ రాలేదు.