మొనాకోని చరిత్ర వరసలో నడిచి చూడండి

నేను ఉండేది ఫ్రాన్స్‌లోని నీస్‌లో. చుట్టాలెవరైనా వస్తే మొనాకో చూపించమంటారు, అదీ ముందు కసీనోకే తీసుకెళ్ళమంటారు. నేను ఒప్పుకోను. కసీనోతో మొదలుపెడితే ఖరీదైన కార్లు చూసి, ఫోటోలు దిగి వచ్చేయడమే. ఈ చిన్న రాజ్యానికి అంత డబ్బు ఎలా వచ్చిందో తెలియాలంటే పాత ఊరు, రాజభవనం ఉన్న రాతిగుట్ట మీద మొదలుపెట్టి, రేవు మీదుగా కసీనోకి, అక్కణ్ణుంచి సముద్రాన్ని పూడ్చి కట్టిన నేల దాకా నడవాలి. దేశమంతా కలిపి రెండు చదరపు కిలోమీటర్లే కాబట్టి ఒక్క రోజు చాలు.

మొనాకోకి విడిగా వీసా అక్కర్లేదు, ఫ్రాన్స్‌లోకి రానిచ్చే షెంగెన్ వీసా ఉంటే సరిపోతుంది. సరిహద్దులో ఎవరూ ఆపరు. పాస్‌పోర్ట్ మాత్రం దగ్గర పెట్టుకోండి, కసీనోలో అడుగుతారు. చెల్లేది యూరోలే. నీస్ నుంచి లోకల్ రైలెక్కితే ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో దిగుతారు. స్టేషన్ కొండ లోపల ఉంటుంది, బయటికి దారులు చాలా ఉన్నాయి. తొందరపడి ఎటో వెళ్ళకుండా పాత ఊరి వైపు చూపే బోర్డు పట్టుకోండి. ప్లాస్ దార్మ్ అనే చౌక్‌కి చేరాక, రాంప్ మజోర్ అనే ఇటుకల బాట మిమ్మల్ని నేరుగా రాజభవనం ముందుకి ఎక్కిస్తుంది.

అక్కడ సన్యాసి వేషంలో ఒకాయన విగ్రహం కనిపిస్తుంది. ఆయన ఫ్రాన్స్వా గ్రిమాల్డి. 1297 జనవరి 8 రాత్రి ఫ్రాన్సిస్కన్ సన్యాసిలా వేషం వేసుకుని, అంగీ కింద కత్తి దాచుకుని, ఇటలీలోని జెనోవావాళ్ళు కట్టిన ఈ కోటలోకి చొరబడ్డాడని చెప్తారు. నాలుగేళ్ళకే కోట చేజారింది కానీ ఆ వంశం పట్టు వదల్లేదు, ఇప్పటికీ పాలిస్తున్నది గ్రిమాల్డీలే. రాజ్యచిహ్నంలో కత్తులు పట్టుకున్న ఇద్దరు సన్యాసులు ఉంటారు, వెతికి చూడండి. 11:55కి కాపలాదారుల మార్పు జరుగుతుంది. పావుగంట ముందే నిలబడితే తప్ప ఏమీ కనపడదు.

అది అయిపోగానే వెళ్ళిపోకండి. రేవు వైపు గోడ దగ్గరికి వెళ్ళి తూర్పు దిక్కు తీరం చూడండి. నా లెక్కలో మొనాకో మొత్తంలో ముఖ్యమైన చోటు ఇదే. ఆ వైపున్న రోక్‌బ్రూన్, దాని అవతల మాంటన్ ఒకప్పుడు ఈ రాజ్యానివే. నిమ్మతోటలు, ఆలివ్ తోటలు అన్నీ అక్కడే, పన్నులు వచ్చేదీ అక్కణ్ణుంచే. ఆ పన్నుల భారం భరించలేకే 1848లో రెండు ఊళ్ళూ తిరగబడి విడిపోయాయి. 1861లో మొనాకో రాజు మూడో షార్ల్ వాటి మీద హక్కు వదులుకుని ఫ్రాన్స్ నుంచి నలభై లక్షల ఫ్రాంకులు తీసుకున్నాడు. రాజ్యంలో దాదాపు 95 శాతం నేల పోయింది. మిగిలింది ఈ గుట్ట, కింద రేవు, ఎదురుగా బీడుపడ్డ ఒక కొండవాలు. మీరు ఆ తర్వాత చూసే వైభవమంతా అంత నేల పోగొట్టుకున్న రాజు వేరే దారి వెతకడం వల్ల వచ్చిందే.

గుట్ట మీదే ఉన్న కెథెడ్రల్‌లో రాజు మూడో రైనియే, ఆయన భార్య, ఒకప్పటి హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీల సమాధులు పక్కపక్కన ఉన్నాయి. పిల్లలుంటే 1910లో మొదటి ఆల్బెర్ తెరిచిన ఓషనోగ్రఫీ మ్యూజియానికి రెండు గంటలు కేటాయించండి. ఆయన సముద్ర పరిశోధనకే జీవితం ధారపోసిన రాజు.

మధ్యాహ్నం భోజనానికి కిందికి, లా కాండమీన్ మార్కెట్‌కి దిగండి. ఆకుకూర, జున్ను కూరి నూనెలో వేయించే బార్బజువాన్లు ఇక్కడి వంటకం. వేడిగా ఉన్నప్పుడే తినాలి.

ఇప్పుడు కసీనో. బీడు కొండవాలన్నానే, అదే ఇది. జూదశాల పెట్టాలని 1850లలో చేసిన మొదటి ప్రయత్నాలు నిలవలేదు, ఎందుకంటే ఇక్కడికి రావడానికి సరైన దారే లేదు. 1863లో ఫ్రాన్స్వా బ్లాన్ అనే జూదశాలల వ్యాపారి బాధ్యత తీసుకున్నాడు. 1866లో ఆ కొండకి రాజు షార్ల్ పేరు మీద మోంటే కార్లో, అంటే షార్ల్ కొండ, అని పేరు పెట్టారు. 1868లో రైలు వచ్చాక జనం పోటెత్తారు. ఆ మరుసటి ఏడాదే ప్రజలకి ప్రత్యక్ష పన్నులు ఎత్తేశారు. ఒకప్పుడు పన్నుల వల్లే రెండు ఊళ్ళు పోగొట్టుకున్న రాజ్యం ఇది, ఆ సంగతి మనసులో పెట్టుకుని భవనం చూడండి. మొనాకో పౌరులకి మాత్రం అందులో ఆడే హక్కు లేదు. ఇప్పుడు ఖజానాకి కసీనో ఇచ్చేది కొంచెమే, సగం దాకా వ్యాట్ నుంచే వస్తుంది. పన్నులేని దేశమన్న మాట కూడా అందరికీ వర్తించదు. 1962లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ పట్టుబట్టడంతో కుదిరిన 1963 ఒప్పందం ప్రకారం, 1957 అక్టోబర్ తర్వాత అక్కడ నివాసం ఏర్పరుచుకున్న ఫ్రెంచ్‌వాళ్ళు తమ దేశానికి పన్ను కడుతూనే ఉన్నారు.

ముందు వైపు గుంపులో ఇరుక్కోకుండా భవనం వెనక్కి వెళ్ళండి. 1879లో షార్ల్ గార్నియే కట్టిన ఒపేరా సముద్రం వైపు తిరిగి ఉంటుంది. అక్కడ జనమూ తక్కువ, అందమూ ఎక్కువ. ఆ తర్వాత గ్రాండ్ ప్రీ కార్లు తిరిగే రోడ్డు వెంటే, పేరుమోసిన హెయిర్‌పిన్ మలుపు మీదుగా కిందికి దిగొచ్చు. రేసు రోజుల్లోనూ, స్టాండ్లు కట్టే వారాల్లోనూ ఈ నడక కుదరదు, ఆ సమయం తప్పించి రండి. కాళ్ళు నొప్పెడితే దిగులొద్దు. ఊరంతా పబ్లిక్ లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, అన్నీ ఉచితమే.

కింద లార్వోతో బీచ్ పక్కన 2024 డిసెంబర్‌లో ప్రారంభమైన మారేతెర్రా పేట ఉంది. ఆరు హెక్టార్లు, అంతా సముద్రంలో సంపాదించిన నేలే. గుట్టకి అవతలి పక్క ఉన్న ఫోంవియే పేటని 1970లలో ఇలాగే కట్టారు.

తిరుగు రైలు విషయంలో జాగ్రత్త. రోజూ ఫ్రాన్స్, ఇటలీల నుంచి ఇక్కడికి పనికి వచ్చేవాళ్ళు ఇక్కడ ఉండేవాళ్ళకంటే ఎక్కువ. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ప్లాట్‌ఫామ్ మీద నిలబడటానికే చోటుండదు. నాలుగున్నరకల్లా బయల్దేరండి, లేదా బీచ్‌లోనే కూర్చుని ఏడు దాటాక రైలెక్కండి.