పూర్వ క్రీడాకారుల సంఘం చరిత్ర రాయాలంటే: మినిట్స్ పుస్తకం నుంచి గ్రూప్ ఫొటో దాకా

స్వర్ణోత్సవానికి నెల ముందు ఎవరో ఒకరిని పిలిచి "మన యూనివర్సిటీ పూర్వ క్రీడాకారుల సంఘం చరిత్ర కాస్త రాసిపెట్టండి" అని అప్పజెప్పడం మామూలే. చేతికి ఒక పాత సావనీర్ (ఉత్సవ సంచిక) ఇస్తారు. దాన్నే తిరగరాస్తే పాత తప్పులు కొత్త అచ్చులో వస్తాయి. ఈ పనికి కనీసం ఆరు నెలలు కావాలి. సావనీర్‌ను చివర్లో చదవండి. ముందు వెతకాల్సినవి మినిట్స్ పుస్తకం (సమావేశాల్లో జరిగింది రాసుకునేది), రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళు, బ్యాంకు పాస్‌బుక్కు, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గదిలోని స్టాక్ రిజిస్టరు, ప్రయాణ ఖర్చుల టీఏ డీఏ బిల్లులు. ఇవి ఎవరినీ పొగడటానికి రాసినవి కావు, ఆ పూట అవసరానికి రాసుకున్నవి. అందుకే వీటి మాటకు విలువెక్కువ.

సంఘం ఎప్పుడు పుట్టింది?

దీనికి ఒక్క తేదీ ఉండదు. నలుగురు కూర్చుని సంఘం పెట్టుకుందామనుకున్న రోజు ఒకటి, బైలాస్ (సంఘం నియమావళి) ఆమోదించిన రోజు ఒకటి, రిజిస్ట్రేషన్ అయిన రోజు మరొకటి. వీటి మధ్య ఏళ్ళు గడిచిపోయి ఉండొచ్చు. సావనీర్ 1975 అంటుంది, రిజిస్ట్రేషన్ నంబరు చివర 1983 ఉంటుంది. రెండూ నిజమే కావొచ్చు. ఏది ఏ తేదీయో చెప్పి రెండూ రాయండి, ఒకదాన్ని కొట్టేయకండి.

రిజిస్ట్రేషన్ కాగితాలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటాయి. ఏ చట్టం కింద అయిందో ముందు చూసుకోండి. 2001కి ముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి సొసైటీల చట్టం నడిచింది, తెలంగాణలో 1350 ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) చట్టం నడిచింది. 2001లో రెండింటి స్థానంలో ఒకే చట్టం వచ్చింది. నంబరు, సంవత్సరం ఇచ్చి మెమొరాండం (సంఘం ఏర్పాటు పత్రం) సర్టిఫైడ్ కాపీ అడగండి. దాని మీద సంతకాలు చేసినవాళ్ళే కాగితం ప్రకారం వ్యవస్థాపకులు. సావనీర్‌లోని వ్యవస్థాపకుల జాబితాలో తర్వాత పదవిలోకి వచ్చినవాళ్ళు కూడా చేరిపోతుంటారు, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏటా దాఖలు చేయాల్సిన కార్యవర్గం జాబితాలు ఏ ఏళ్ళకు లేవో గమనిస్తే సంఘం ఎప్పుడు నిద్రపోయిందో బయటపడుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు సాధారణంగా సంఘం మీద పనిచేయదు. యూనివర్సిటీ మీద, రిజిస్ట్రార్ ఆఫీసు మీద పనిచేస్తుంది. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "క్రీడల చరిత్ర ఇవ్వండి" అని రాస్తే "అందుబాటులో లేదు" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. "1975-76 నుంచి 1984-85 వరకు వాలీబాల్ పురుషుల జట్టు ఎంపిక జాబితాల నకళ్ళు" అని అడగండి. పాత ఫైళ్ళకు సూచిక ఉండటం అరుదు, అందుకని రికార్డులను స్వయంగా చూసే అవకాశం కూడా అదే దరఖాస్తులో కోరండి.

ఏ యూనివర్సిటీ తరఫున ఆడారు?

మన దగ్గర ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. కాలేజీ కదల్లేదు, దాని మీది యూనివర్సిటీ మారింది. నిజాం కాలేజీ 1887 నుంచి 1947 దాకా మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం. కాబట్టి 1940లో అక్కడ చదివిన ఆటగాణ్ణి ఉస్మానియా జాబితాలో వేస్తే తప్పు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో వచ్చింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, 1976లో నాగార్జున, అదే ఏడు వరంగల్లులో కాకతీయ, 1981లో అనంతపురంలో శ్రీ కృష్ణదేవరాయ వచ్చాయి. గుంటూరు కాలేజీ కుర్రాడు 1973లో వేసుకున్నది ఆంధ్రా యూనివర్సిటీ జెర్సీ. మరో నాలుగైదేళ్ళకు అదే మైదానంలో అతని తమ్ముడు వేసుకున్నది నాగార్జున జెర్సీ. పేరు ఏ సంఘం పుస్తకంలో ఉండాలో తేల్చేది ఊరు కాదు, అనుబంధం మారిన విద్యాసంవత్సరం. యూనివర్సిటీ పుట్టిన ఏడాది, కాలేజీలు దాని కిందికి వచ్చిన ఏడాది ఒకటే కానక్కర్లేదు. అనుబంధ ఉత్తర్వు చూడందే పట్టిక మొదలుపెట్టకండి.

ఉస్మానియా పాత కాగితాల్లో ఇంకో చిక్కు ఉంది. 1948 దాకా ఉర్దూ, ఫసలీ సంవత్సరాలు నడిచాయి. హైదరాబాదు ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, తర్వాతి నెలలకు 591 కలపాలి. 1355 ఫసలీ అంటే 1945 అక్టోబరు నుంచి 1946 అక్టోబరు దాకా. మద్రాసు వైపు ఫసలీ జూలైలో మొదలవుతుంది, ఆ లెక్క ఇక్కడ వాడకండి.

ఆడింది ఏ స్థాయి?

"యూనివర్సిటీకి ఆడాను" అనే మాటకు నాలుగు అర్థాలు. ఇంటర్ కాలేజియేట్‌లో కాలేజీకి ఆడటం, జట్టు ఎంపికకు పెట్టే ప్రాబబుల్స్ క్యాంపుకు పిలుపు అందుకోవడం, సౌత్ జోన్‌లో (దక్షిణాది యూనివర్సిటీల పోటీలో) ఆడటం, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీలో ఆడటం. పట్టికలో నాలుగింటికి నాలుగు గళ్ళు పెట్టండి. ఉద్యోగం కోసం ఫారం-3 తీసుకున్నవాళ్ళుంటే పని సులువు. కేంద్ర స్పోర్ట్స్ కోటాలో ఇంటర్ యూనివర్సిటీ స్థాయికి ఇచ్చే సర్టిఫికెట్ అది, డీన్ గానీ స్పోర్ట్స్ డైరెక్టర్ గానీ సంతకం చేస్తారు.

మెరిట్ సర్టిఫికెట్ మీది శీర్షిక కూడా చదవండి. 1973 దాకా ఉన్నది ఇంటర్ యూనివర్సిటీ బోర్డు, తర్వాత అదే అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ అయింది. 1968 పోటీ సర్టిఫికెట్ మీద ఈ కొత్త పేరుంటే దొంగదని కంగారుపడొద్దు, బహుశా తర్వాత తీసుకున్న డూప్లికేట్. క్రికెట్‌లో రోహింటన్ బారియా ట్రోఫీ 1935-36లో, అన్ని ఆటల్లో కలిపి మేటి యూనివర్సిటీకి ఇచ్చే మౌలానా ఆజాద్ ట్రోఫీ 1956-57లో మొదలయ్యాయి. అంతకుముందే గెలిచామని ఏ సావనీర్‌లో ఉన్నా కొట్టేయండి.

సంవత్సరాన్ని ఎప్పుడూ 1972-73 అని జంటగా రాయండి. జనవరిలో జరిగిన మీట్‌ను ఒకరు 72 అంటారు, ఒకరు 73 అంటారు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. పట్టికలో ఆ ఏళ్ళ గడి ఖాళీగా ఉంటే జాబితా పోయిందనుకోకుండా, అసలు పోటీ జరిగిందా అని ముందు చూడండి.

అథ్లెటిక్స్ రికార్డుల పట్టికలో గజాలను మీటర్లలో కలపకండి. 100 గజాలంటే 91.44 మీటర్లే. చేతి గడియారం టైమింగ్ వేరే వరసలో ఉండాలి: 100 మీటర్లకు 10.6 అంటే ఎలక్ట్రానిక్ లెక్కలో సుమారు 10.84. పురుషుల జావెలిన్ నమూనా 1986లో, మహిళలది 1999లో మారాయి. పాత దూరం ఎక్కువ కనిపించిందని కొత్తవాళ్ళను తక్కువ చేయడం అన్యాయం.

గ్రూప్ ఫొటో

దళసరి అట్టకు అంటించి, కింద పేర్లు అచ్చువేసిన జట్టు ఫొటోకు మించిన ఆధారం దొరకదు. అట్ట పెళుసెక్కి పసుపు రంగుకు తిరిగినా ఫొటోను దాన్నుంచి ఊడదీయకండి. పేర్లున్నది ఆ అట్ట మీదే. తేమకు ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, ఎమల్షన్ (బొమ్మ ఉన్న పూత) అద్దంతో పాటు లేచొస్తుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, ఫ్లాష్ లేకుండా అద్దంతోనే ఫొటో తీయండి. విడి ఫొటోలను 600 డీపీఐలో, కాగితాలను 300లో స్కాన్ చేసి టిఫ్ ఫైళ్ళుగా దాచండి. సెల్లో టేపు, లామినేషన్ రెండూ వద్దు. వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిలే, బాల్‌పెన్ గాడి ముందుకు తేలుతుంది. అచ్చు పేర్లలోనూ పొరపాట్లుంటాయి. ఫొటో రోజు రానివాడి పేరు వరసలో పడి, తర్వాతి ముఖాలన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. కాబట్టి తలలూ పేర్లూ లెక్కపెట్టండి. "లేనివారు" అన్న వరస ఉందేమో చూడండి.

ఆ ఫొటో పట్టుకునే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, డెబ్బయ్యయిదు దాటినవాళ్ళ దగ్గరికి ముందు. "ఏ సంవత్సరం సార్?" అని అడిగితే అంచనా చెబుతారు. "ఏ ఊళ్ళో ఆడారు, ఏ రైల్లో వెళ్ళారు, అప్పుడు పీడీ సారు ఎవరు" అని అడిగితే టీఏ బిల్లుతో సరిచూసుకునే సమాధానం వస్తుంది.

క్రీడాకారిణుల పేర్ల దగ్గర రెట్టింపు జాగ్రత్త కావాలి. జాబితాలో కె. లక్ష్మి, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారి సభ్యత్వ పుస్తకంలో వి. లక్ష్మి. రెండు పేర్లుగా లెక్కవేస్తారు, లేదా అసలు వదిలేస్తారు. కాలేజీ అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, పుట్టిన తేదీ చూసి కలపండి. పుస్తకంలో మాత్రం ఆడిన నాటి పేరు ముందు, ఇప్పటి పేరు తర్వాత వేయండి. పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు అచ్చులోకి పోనివ్వకండి.

ముసాయిదా తయారయ్యాక ఒక పక్క వెడల్పుగా మార్జిన్ వదిలి యాభై కాపీలు జిరాక్స్ తీయించండి. సర్వసభ్య సమావేశంలో పెన్సిల్‌తో సహా పంచి, సాయంత్రానికి వెనక్కి తీసుకోండి. ఇంటికి పట్టుకెళ్ళిన కాపీ తిరిగి రాదు. దిద్దుబాటు పక్కన దిద్దినవాళ్ళ పేరు రాయించుకోండి. ఏ కాగితానికీ అందని జట్టుకు "జాబితా దొరకలేదు" అని వేసి, దాని కింద నాలుగు గీతలు ఖాళీగా వదలండి.