పీడీఎఫ్ పంపితే విన్‌మెయిల్.డాట్ చేరుతోందా? అవుట్‌లుక్‌లో మార్చాల్సినవి

చీమకుర్తి నుంచి గ్రానైట్ కొనేవాళ్లకు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు మెయిల్ చేస్తే, "పీడీఎఫ్ రాలేదు, విన్‌మెయిల్.డాట్ అని ఏదో వచ్చింది" అని జవాబొస్తుంటుంది. పీడీఎఫ్ పాడవలేదు. మళ్లీ స్కాన్ చేసి పంపినా అదే చేరుతుంది. సరిచేయాల్సింది పంపేవారు వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌ని.

మెయిల్ 'రిచ్ టెక్స్ట్'లో ఉంటే అవుట్‌లుక్ అక్షరాల సోకులనూ, జతచేసిన ఫైళ్లనూ కలిపి టీఎన్ఈఎఫ్ అనే ఒకే మూట కడుతుంది. అదే అవతలివారికి విన్‌మెయిల్.డాట్‌గా కనిపిస్తుంది. ఆ మూట విప్పడం థండర్‌బర్డ్, యాపిల్ మెయిల్ వంటి మెయిల్ ప్రోగ్రాములకు సొంతంగా రాదు. కంప్యూటర్‌లోని పాత తరహా అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్ తెరిచి, 'కంపోజ్ మెసేజెస్ ఇన్ దిస్ ఫార్మాట్' దగ్గర హెచ్‌టీఎంఎల్ పెట్టండి. అదే పేజీ అడుగున 'మెసేజ్ ఫార్మాట్'లో, రిచ్ టెక్స్ట్ మెయిళ్లు బయటికి వెళ్లేటప్పుడు 'కన్వర్ట్ టు హెచ్‌టీఎంఎల్' అయ్యేలా ఎంచుకోండి.

ఇంత చేసినా ఒక్కరికే మూట వెళ్తుంటే, ఆ అడ్రసుకు పాత ఫార్మాట్ గుర్తుండిపోయినట్టే. 'టు' గడిలో ఆ పేరు కనిపించగానే పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేసి, అడ్రసు మొత్తం మళ్లీ టైప్ చేయండి. రిచ్ టెక్స్ట్‌లో వచ్చిన మెయిల్‌కు రిప్లై కూడా రిచ్ టెక్స్ట్‌లోనే తెరుచుకుంటుంది. పంపే ముందు 'ఫార్మాట్ టెక్స్ట్' ట్యాబ్‌లో హెచ్‌టీఎంఎల్ నొక్కాలి.

మీకే అలాంటి ఫైల్ వస్తే లినక్స్‌లో టీఎన్ఈఎఫ్ అనే (మూట పేరే ఉన్న) చిన్న ప్రోగ్రామ్ దాన్ని విప్పుతుంది. ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లలో మాత్రం ఎక్కించొద్దు, ఇన్‌వాయిస్‌లో బ్యాంకు ఖాతా నంబరు ఉంటుంది.

ఫైల్ పేరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లో పొట్టిగా ఉంచండి. 'గ్రానైట్' అన్న ఒక్క తెలుగు మాట, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. ఇంగ్లిష్ కాని ఫైల్ పేర్లను మెయిల్‌లో రాసే ఆర్ఎఫ్‌సీ 2231 పద్ధతిలో, మెయిల్ వివరాలుండే హెడర్‌లోకి ఎక్కేసరికి 72 గుర్తులు. పాత ప్రోగ్రాములు దీన్ని చదవలేక పేరును చెత్తగా చూపిస్తాయి. ఒక్కోసారి చివరి '.పీడీఎఫ్' కూడా పోతుంది, అప్పుడు ఫైల్‌ను దేనితో తెరవాలో కంప్యూటర్‌కు తెలియదు.

జీమెయిల్ హద్దు 25 ఎంబీ. అయితే మెయిల్‌లో ఫైల్ బేస్64గా, అంటే మామూలు అక్షరాల రూపంలోకి, మారి మూడో వంతు పెరుగుతుంది: 20 ఎంబీ స్లాబ్ ఫొటోలు దాదాపు 27 అవుతాయి. 18 ఎంబీ దాటితే గూగుల్ డ్రైవ్ లింకే మేలు.

ఇక ఒంగోలు, నెల్లూరు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు ఉత్తరాలు. వర్డ్ ఫైల్‌గా పంపితే ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గీతలే కనిపిస్తాయి. పీడీఎఫ్ చేయించి, అడోబ్ రీడర్‌లో ప్రాపర్టీస్, ఫాంట్స్ తెరిచి, ప్రతి ఫాంట్ పక్కనా 'ఎంబెడెడ్' (ఫాంట్ పీడీఎఫ్‌లోనే ఇమిడి ఉందని అర్థం) అని ఉందో లేదో చూశాకే పంపండి.