గ్రీన్ టీ వగరు వదిలించిన తీరు (నా అనుభవం)

జపాన్ గ్రీన్ టీ రకం, సెన్చా. గుక్క వేస్తే నాలుక పీక్కుపోయేంత వగరు. ఆకు పాతదేమో అనుకున్నాను, కానీ తప్పు నీళ్లది. సలసల మరిగే నీళ్లు పోస్తే చేదిచ్చే కాటెచిన్లు, కెఫీన్ ఒక్కసారిగా దిగిపోతాయి. కమ్మదనమిచ్చే థియనైన్ తక్కువ వేడికే దిగుతుంది.

ఇప్పుడు మరిగిన నీళ్లు ఖాళీ కప్పులో పోసి, అక్కణ్ణుంచి ఇంకో కప్పులోకి మారుస్తాను. మార్చినప్పుడల్లా సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. 75 దగ్గరికి వచ్చాక 150 మిల్లీలీటర్లకు 3 గ్రాముల ఆకు, ఒక్క నిమిషం. చివరి చుక్క దాకా వంచెయ్యాలి. అడుగున నీళ్లు మిగిలాయా, రెండో వాయి చేదే. రెండో వాయికి ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది కాబట్టి 15 సెకన్లు చాలు.

చైనా గ్రీన్ టీ లుంగ్‌జింగ్ బాణలిలో వేయించిన ఆకు, 80 డిగ్రీలకూ తట్టుకుంటుంది. సెన్చా ఆవిరి పట్టింది. నలిగిన ముక్కలెక్కువ, త్వరగా దిగుతుంది. వేయించినా ఆవిరి పట్టినా పని ఒకటే: ఆకును నల్లబరిచే ఎంజైమును ఆపడం.

బరువు తగ్గడం మీద మాత్రం పెద్ద ఆశలొద్దు. భోజనంతో పాటు తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి.