ప్రైవేటు చమురు, గ్యాస్ కంపెనీ ఎదుగుదలను అంచనా వేయడం ఎలా?

చమురు, సహజ వాయువు వెలికితీసే ప్రైవేటు కంపెనీ వార్షిక నివేదిక చేతికి వస్తే, లాభనష్టాల పేజీ కంటే ముందు నిల్వల (భూగర్భంలో ఇంకా తీయడానికి మిగిలిన చమురు, గ్యాస్) పట్టిక తెరవండి. యంత్రాలు పాతబడితే మార్చుకోవచ్చు గాని, బావి నుంచి తీసిన ప్రతి పీపా చమురు మేరకు కంపెనీ ఆస్తి తరిగిపోతుంది. అందుకే ఏడాదిలో కొత్తగా చేరిన నిల్వలను ఆ ఏడాది ఉత్పత్తితో భాగించి చూడాలి. ఆ నిష్పత్తి కొన్నేళ్లపాటు ఒకటికి దిగువనే ఉంటే, లాభాలు పెరుగుతున్నా కంపెనీ తరిగిపోతున్నట్టే లెక్క. కొత్త నిల్వలు అన్వేషణలో దొరికాయా, మరో కంపెనీని కొంటే వచ్చాయా అన్నది కూడా విడదీసి చూడాలి. 2024లో అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్, మరో చమురు కంపెనీ పయనీర్ నేచురల్ రిసోర్సెస్‌ను కొన్నది రెండో పద్ధతిలోనే. అందులో తవ్విన బావిలో ఏమీ దొరకదన్న భయం తక్కువ, చెల్లించే వెల మాత్రం ఎక్కువ.

నిల్వల అంకెను, ఉత్పత్తి లక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకును (అన్వేషణకు కేటాయించిన సముద్ర ప్రాంతాన్ని) చూస్తే తెలుస్తుంది. రిలయన్స్ ఇక్కడ 2002లో గ్యాస్ కనుగొని, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సముద్రగర్భం నుంచి గ్యాస్ కాకినాడ సమీపంలోని గాడిమొగ టెర్మినల్‌కు చేరుతుంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయాలన్నది ప్రణాళిక కాగా, ఉత్పత్తి 2010లో 6 కోట్లు దాటి, ఆ తరువాత వేగంగా పడిపోయింది. ప్రధాన క్షేత్రాలైన డీ1, డీ3 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. భూగర్భ పొరలు అనుకున్నదానికంటే సంక్లిష్టంగా ఉన్నాయని కంపెనీ చెప్పగా, ప్రణాళిక ప్రకారం బావులు తవ్వలేదంటూ ప్రభుత్వం ఖర్చుల రికవరీని (గ్యాస్ ఆదాయం నుంచి కంపెనీ తన ఖర్చులను రాబట్టుకోవడాన్ని) కొంతమేర నిరాకరించింది. వాదనలు ఎలా ఉన్నా, చదివేవారు చేయాల్సింది ఒకటే: లక్ష్యాన్ని పక్కనబెట్టి, ఎన్ని బావుల నుంచి ఎంత వస్తోందో వరుసగా కొన్ని త్రైమాసికాలు గమనించడం. అదే బ్లాకులో బ్రిటన్ చమురు కంపెనీ బీపీ భాగస్వామ్యంతో 2020 డిసెంబరులో ఆర్-క్లస్టర్, 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే క్షేత్రం ఉత్పత్తిలోకి వచ్చాయి. వాటిని కూడా ఇదే కొలతతో చూడాలి.

ఆ తరువాత ధర. లోతైన సముద్రపు గ్యాస్‌కు ప్రభుత్వం ఆరు నెలలకోసారి గరిష్ఠ ధర ప్రకటిస్తుంది. పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు (గ్యాస్‌ను అది ఇచ్చే వేడిని బట్టి కొలిచే ప్రమాణం) 2021 అక్టోబరులో 6.13 డాలర్లుగా ఉన్న ఆ పరిమితి, ఏడాది తిరిగేసరికి 12.46 డాలర్లకు చేరింది. ఆ కాలంలో పెరిగిన ఆదాయంలో ధర వాటా ఎంతో, అదనంగా తీసిన గ్యాస్ వాటా ఎంతో విడదీయకుండా ఎదుగుదల గురించి మాట్లాడటం సరికాదు, ఎందుకంటే ధర దిగివచ్చిన రోజున మొదటి భాగం మొత్తం మాయమవుతుంది.

అంకెలు చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. కేజీ-డీ6లో రిలయన్స్ వాటా మూడింట రెండు వంతులే కాబట్టి, చూపిన ఉత్పత్తి బ్లాకు మొత్తానిదా, కంపెనీ వాటాదా అని సరిచూసుకోవాలి. జామ్‌నగర్ రిఫైనరీ లాభాలు వేరే విభాగంలో ఉంటాయి గనుక, వెలికితీత ఫలితాలతో వాటిని కలపకూడదు. గ్యాస్‌ను ఘనపు అడుగుల్లో ఇస్తే, వంద కోట్ల ఘనపు అడుగులు దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లని గుర్తుంచుకుంటే పోల్చడం తేలిక.

చివరగా, వివాదాల నోట్‌ను తప్పక చదవండి. చాలామంది దాటవేసే పేజీ ఇదే. పక్కనున్న ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ బ్లాకుల నుంచి కేజీ-డీ6లోకి గ్యాస్ తరలివచ్చిందన్న వివాదంలో 2018లో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) తీర్పు రిలయన్స్ పక్షానికి అనుకూలంగా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేయడంతో, ప్రభుత్వం మార్చిలో 281 కోట్ల డాలర్లు కట్టాలని రిలయన్స్ పక్షానికి నోటీసు ఇచ్చింది. ఇలాంటి మొత్తాన్ని ఆ విభాగపు ఏడాది లాభం పక్కన పెట్టి చూస్తే, కంపెనీ భుజాన ఉన్న బరువు ఎంతో అంచనాకు వస్తుంది.