వాయిదాల మధ్య పద్యనాటకం: ప్రాక్టీసు చెడకుండా వేషం కట్టడం ఎలా

లా చదివి లాయర్లుగా బార్‌లో చేరిన కొత్తలో చాలామంది తమకొచ్చిన పాటనో పద్యాన్నో నాటకాన్నో అటకెక్కించేస్తారు. పొద్దున కోర్టు, సాయంత్రం ఆఫీసు, ఇంకెక్కడ కుదురుతుంది అంటారు. జిల్లా కోర్టులో సివిల్ ప్రాక్టీసు చేస్తూ ఏటా పద్యనాటకాల్లో వేషం కడుతున్నవాడిగా చెప్తున్నాను, కుదురుతుంది. కాకపోతే దానికంటూ ఒక పద్ధతి ఉండాలి. అది లేకపోతే అటు మనల్ని నమ్మి కేసు కాగితాల కట్ట చేతికిచ్చిన క్లయింటు నష్టపోతాడు, ఇటు స్టేజీ మీద పద్యం మూడో పాదంలో ఆగిపోతుంది. ఇది ముఖ్యంగా జూనియర్ల కోసం రాస్తున్నాను, సీనియర్లకి ఇందులో సగం ఇప్పటికే తెలుసు.

నల్లకోటు వేసుకున్నవాడికి నాటకాలేంటి అని ఇంట్లోగానీ బార్‌లోగానీ ఎవరైనా అంటే బళ్లారి పేరు చెప్పండి. అక్కడ వకీలుగా పనిచేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభ పెట్టి నాటకాలు రాశారు, ఆడించారు, తానూ ఆడారు. అదే ఊళ్లో ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాశారు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) పగలు కోర్టులో వాదించి, రాత్రి స్టేజీ ఎక్కి, రెండుచోట్లా పేరు తెచ్చుకున్నారు. ఏలూరులో బందా కనకలింగేశ్వరరావు గారూ ప్లీడరే, నటుడే, పైగా కూచిపూడి నాట్యం నిలబడటానికి ఎంతో పాటుపడ్డారు. వీళ్లెవరూ వృత్తిని వదిలేసి కళ చేసినవాళ్లు కాదు. ఆ మాట నాకు చాలా ధైర్యమిచ్చింది, మీకూ ఇస్తుందనే రాస్తున్నాను.

సరే, పనిలోకి వద్దాం. ముందు మీ టైము ఎక్కడుందో నిజాయితీగా చూసుకోండి. కోర్టు పదిన్నర నుంచి ఐదు దాకా, ఆ తర్వాత సాయంత్రం ఖాళీ అని బయటివాళ్లు అనుకుంటారు, మనం మాత్రం అలా లెక్కేసుకోకూడదు. పల్లెల నుంచి వచ్చే పార్టీలు ఆరు దాటాకే ఆఫీసుకొస్తారు, ప్లెయింట్లు (దావా కాగితాలు), కౌంటర్లు (జవాబు కాగితాలు) డిక్టేట్ చేసేదీ అప్పుడే, జూనియర్ అయితే సీనియర్ గారు లేచేదాకా కదలడానికి లేదు. వారం మధ్యలో రోజూ సాయంత్రం రిహార్సల్ పెట్టుకున్న లాయరు రెండో వారానికే మానేస్తాడు, లేదా ఆఫీసు మానేస్తాడు. నా లెక్కలో లాయరుకి సొంతంగా మిగిలేది తెల్లవారుజాము. ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఒక్క గంట, ఫోన్ పక్కన పెట్టి, పద్యం. అందరూ కలిసి చేసే రిహార్సల్ మాత్రం శనివారం రాత్రికో ఆదివారానికో పెట్టమని నాటక సమాజం వాళ్లని ముందే అడగండి, రెండో శనివారం కోర్టుకి సెలవు కాబట్టి ఆ రోజుని మొత్తంగా వాడుకోవచ్చు. అయితే లోక్ అదాలత్‌లు కూడా తరచూ రెండో శనివారమే పెడతారు, చూసుకుని మాటివ్వండి. ఇంకో నియమం నేను గట్టిగా పాటిస్తాను: సోమవారం క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) ఉంటే ఆ కట్ట చదివి, ప్రశ్నలు రాసుకున్నాకే రిహార్సల్‌కి బయల్దేరతాను. ఆదివారం రాత్రి వచ్చి చదువుదాంలే అనుకుంటే అక్కడ హార్మోనియం మోగుతున్నా మనసు ఇక్కడే ఉంటుంది.

రెండో పని, రిహార్సల్‌ని కేసు డైరీలోనే రాయడం. వేరే నోటుబుక్కులోనో ఫోన్లోనో కాదు, వాయిదాలు రాసే డైరీలోనే. నా డైరీ పేజీలో ఎడమవైపు పాత వాయిదా తేదీ, మధ్యలో ఓ.ఎస్. నంబరు (సివిల్ దావా నంబరు), పార్టీల పేర్లు, దాని కింద 'పి.డబ్ల్యు.2 క్రాస్' (వాది తరఫు రెండో సాక్షి క్రాస్) లాంటి ఒక ముక్క, కుడివైపు వచ్చే వాయిదా ఉంటాయి. పేజీ అడుగున ఆకుపచ్చ సిరాతో 'రాత్రి 8, రాయబారం రెండో సీను, పడక సీను పద్యాలు కూడా' అని ఉంటుంది. రాయబారం అంటే కృష్ణరాయబారం నాటకం, పడక సీను అంటే నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ వచ్చే సీను. ఇలా రాస్తే రెండు లాభాలు. బెంచ్ క్లర్కు వాయిదా తేదీ చెప్పినప్పుడు, ఆ మర్నాడు నాటకం ఉందా లేదా కళ్లముందే కనిపిస్తుంది, ఇంకో తేదీకి అవకాశం ఉంటే అక్కడికక్కడే అడగొచ్చు. ఇంకోటి, మీ గుమాస్తాకి కూడా తెలుస్తుంది, ఆయనకి తెలిస్తే పార్టీలని ఆ సాయంత్రం రమ్మని చెప్పడు. నాటకానికి రెండు వారాల ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసులన్నీ ఒకసారి తిరగేయండి, డైరీలో రాయడం మర్చిపోయిన తేదీ ఏదైనా ఉంటే అక్కడ దొరుకుతుంది. రిటన్ స్టేట్‌మెంటుకి (ప్రతివాది రాతపూర్వక జవాబుకి) ముప్ఫై రోజులు, జిల్లా కోర్టు అప్పీలుకి ముప్ఫై, హైకోర్టు అప్పీలుకి తొంభై, ఇలాంటి గడువులు ఏవి దగ్గరపడుతున్నా నాటకానికి ముందే ఫైల్ చేసేయండి. నాటకం అయ్యాక చేద్దాం అని మాత్రం పెట్టుకోవద్దు, రాత్రంతా రంగుతో ఉన్న మనిషికి మర్నాడు లిమిటేషన్ (గడువు) లెక్కలు వేసే ఓపిక ఉండదు.

నాటకం ఉందని వాయిదా అడగొద్దు. దీని మీద నాకు రెండో మాట లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 ప్రకారం విచారణలో ఒక పార్టీకి మూడుకి మించి వాయిదాలివ్వకూడదు, లాయరు వేరే కోర్టులో బిజీగా ఉన్నాడన్నదే వాయిదాకి కారణం కాదని అందులోనే రాసుంది. ఉన్న ఆ మూడూ క్లయింటువి, మనవి కాదు. దానికి బదులు వకాలత్‌లో (క్లయింటు మనకిచ్చే అధికారపత్రంలో) మొదట్నుంచీ మీ పేరుతో పాటు నమ్మకమైన తోటి లాయరు పేరు కూడా వేయించండి, క్లయింటుకి చెప్పి. ఆయన ఊరెళ్లినప్పుడు మీరు చూసుకుంటారు, మీరు నాటకానికెళ్లినప్పుడు ఆయన చూసుకుంటారు. కానీ సాక్షిని క్రాస్ చేయడం, ఫైనల్ ఆర్గ్యుమెంట్స్, ఈ రెండూ ఎవరికీ అప్పగించకండి. ఆ రోజు నాటకం పడితే వేషం వదులుకోండి.

ఇప్పుడు పద్యం సంగతి. లాయర్లకి జ్ఞాపకశక్తి ఉంటుంది గానీ అది సారాంశాన్ని గుర్తుపెట్టుకునే జ్ఞాపకశక్తి. కట్టలో ఏముందో గుర్తుంటుంది, ఏ మాట తర్వాత ఏ మాట ఉందో గుర్తుండదు. పద్యానికి ఆ రెండోదే కావాలి. అందుకని రాగంతో మొదలుపెట్టొద్దు. క్యాసెట్ల కాలం నుంచీ ఉన్న అలవాటు ఇది, యూట్యూబ్‌లో పెద్ద నటుల పద్యం విని ఆ రాగం పట్టేసుకుని, మాటలు తర్వాత నింపుకుంటారు. స్టేజీ మీద రాగం సాగుతుంది, మాట రాదు. మొదటి మూడు రోజులు పద్యాన్ని వచనంలా చదవండి. ప్రతిపదార్థం రాయండి, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారో, కర్త ఎక్కడుంది, క్రియ ఎక్కడుంది అన్నది తేల్చుకోండి, ఒక సేల్ డీడ్‌లో షెడ్యూల్ హద్దులు చూసినంత శ్రద్ధగా. విరుపు ఎక్కడ వేయాలో అర్థమే చెప్తుంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా అదే చెప్తుంది.

తర్వాత ఛందస్సు. ఇది పండితుల కోసం కాదు, మర్చిపోకుండా ఉండటం కోసం. యతి అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన అక్షరం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. చంపకమాలకి 21, యతి పదకొండు. శార్దూలానికి 19, యతి పదమూడు. మత్తేభానికి 20, యతి పద్నాలుగు. ఈ నాలుగింటికీ ప్రాస ఉంటుంది, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు. దీని ఉపయోగం స్టేజీ మీద తెలుస్తుంది. మూడో పాదం మొదటి మాట జారిపోయిందనుకోండి, పైరెండు పాదాల్లో రెండో అక్షరం 'ద' అయితే ఇక్కడా 'ద' ఉండాలి, ఆ ఒక్క అక్షరం పట్టుకుంటే మాట వచ్చేస్తుంది. పాదం మధ్యలో జారితే యతి పట్టిస్తుంది. సీసానికి, తేటగీతికి, ఆటవెలదికి ప్రాస నియమం లేదు, అందుకే పాడటానికి సుఖంగా ఉండే సీసపద్యమే మర్చిపోవడానికీ సులువు. సీసాన్ని చేత్తో ఎక్కువసార్లు రాయండి, టైపు చేయడం కాదు, చేత్తో. నేను కోర్టు హాల్లో నా కేసు పిలిచేదాకా కూర్చున్నప్పుడు పాత కాజ్‌లిస్టు (ఆ రోజు కేసుల జాబితా) వెనకవైపు రాస్తుంటాను, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇదంతా అయ్యాకే హార్మోనియం దగ్గరికి వెళ్లండి. మోహన, బిలహరి, కానడ, కేదారగౌళ, ఏ రాగంలో పాడించినా అప్పటికి మాట మీ చేతిలో ఉంటుంది.

గొంతు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. రెండు గంటలు సాక్షిని క్రాస్ చేసినవాడి గొంతు సాయంత్రానికి అలిసిపోయి ఉంటుంది, అదే గొంతుతో పై స్థాయిలో పద్యం ఎత్తితే మర్నాడు జడ్జి గారికి మన మాట వినపడదు. ఆర్గ్యుమెంట్స్ ఉన్న రోజు పూర్తి గొంతుతో పాడొద్దు, కింది స్థాయిలో మాటలు మాత్రం వేసుకోండి. హార్మోనిస్టు అలవాటు కొద్దీ పెద్ద నటులు పాడే శ్రుతే పెడతారు, మొహమాటపడకుండా మీకు సరిపడే శ్రుతి పెట్టమనండి. పక్కపాత్ర ఎక్కువ శ్రుతిలో పాడేవారైతే ఇబ్బందే, అది రిహార్సల్లోనే తేల్చుకోవాలి. గోరువెచ్చని నీళ్లు, నిద్ర, ఈ రెండూ చాలు.

బార్ కౌన్సిల్ రూల్స్ ఒకసారి చూసుకోండి. 47వ రూలు లాయరు స్వయంగా వ్యాపారం చేయకూడదంటుంది, 49వ రూలు ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం కూడదంటుంది. అందుకని నాటకంలో నటించడం వేరు, మీ పేరు మీద నాటక కంపెనీ పెట్టి డబ్బు వ్యవహారం నడపడం వేరు. రెండోదాని జోలికి వెళ్లొద్దు, వెళ్లక తప్పదనుకుంటే స్టేట్ బార్ కౌన్సిల్‌ని రాతపూర్వకంగా అడగండి. రేడియో, పత్రికల్లో రాయడం, ఉపన్యాసాలు, పాఠాలు చెప్పడం, ఇవి 51వ రూలులో అనుమతించినవే, ప్రకటన కిందికి రానంతవరకూ. ప్రకటన అంటే 36వ రూలు గుర్తుంచుకోండి. ఊళ్లో వేసే ఫ్లెక్సీ మీద 'ప్రముఖ న్యాయవాది' అని, కింద మీ ఆఫీసు ఫోన్ నంబరుతో వేయడం మన సమాజాల్లో మామూలు, ప్రేమతోనే వేస్తారు, కానీ దాన్ని కేసుల కోసం చేసుకున్న ప్రచారం అనొచ్చు. పేరు, వేషం, అంతే వేయమనండి. గౌను, బ్యాండ్స్ కోర్టు బయట బహిరంగంగా వేసుకోకూడదనే నియమం కూడా ఉంది, కోర్టు నుంచి నేరుగా రిహార్సల్‌కి వెళ్లేవాళ్లు అవి తీసి సంచిలో పెట్టుకోండి.

రిహార్సల్లో కేసుల మాట ఎత్తకండి. క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదన్నది భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్, పాత ఎవిడెన్స్ యాక్టులో 126. చిన్న ఊరు, నిన్న మీరు వాదించిన పొలం గట్టు తగాదా ప్రతివాది దుర్యోధనుడి వేషగాడికి బావమరిది కావచ్చు. తోటి నటులు టీ తాగుతూ 'అన్నా, మా స్థలం సంగతి' అంటారు, 'ఆదివారం కాదు తమ్ముడూ, రేపు కాగితాలతో ఆఫీసుకి రా' అనండి, నొచ్చుకోరు. మీ ట్రయల్ నడుస్తున్న కోర్టు జడ్జి గారిని నాటకానికి ముఖ్య అతిథిగా పిలిచే పని మీరు నెత్తిన వేసుకోవద్దు, కమిటీ అడిగినా తప్పించుకోండి.

ఖర్చు, రంగు, ఇవి క్లుప్తంగా. డ్రెస్సులు, కిరీటాలు అద్దెకి దొరుకుతాయి, మొదట్లో చాలాచోట్ల మన డబ్బే పెట్టుకోవాలి. రంగు తీయడానికి కొబ్బరినూనె, కళ్ల కాటుక మాత్రం మర్నాటికీ పోదు, అందుకే తెల్లారేదాకా ఆడే నాటకాలు సెలవు ముందు రాత్రికే ఒప్పుకోండి. కృష్ణుడికి మీసం తీయాలి, పెళ్లిళ్లో ఇంకేదైనా శుభకార్యమో ఉంటే ఇంట్లో ముందే చెప్పుకోండి.

హైదరాబాద్‌లో హైకోర్టు ప్రాక్టీసు చేసేవాళ్లకి ఇదంతా యథాతథంగా కుదరదు. మర్నాటి లిస్టు ముందురోజు సాయంత్రం తర్వాతగానీ తేలదు, ఊరు దాటి రిహార్సల్‌కి వెళ్లడానికే గంటన్నర. వాళ్లకి నేనైతే రేడియో నాటకం చెప్తాను, ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గితే రికార్డింగుకి పిలుస్తారు, రంగు లేదు, రాత్రి జాగారం లేదు, గొంతూ ఉచ్చారణా ఉంటే చాలు.

మొదటి వేషంగా కృష్ణుడినో అర్జునుడినో అడగొద్దు. రాయబారంలో వికర్ణుడో అశ్వత్థామో, రెండు మూడు పద్యాల పాత్ర తీసుకుని ఒక సీజన్ ఆడండి. సమాజం దొరకకపోతే ముందు మీ ఊరి హార్మోనిస్టు ఎవరో కనుక్కోండి, ఏ ఊళ్లో ఎవరు ఏ నాటకం వేస్తున్నారో, ఎవరికి నటుడు తక్కువయ్యాడో ఆయనకే తెలుస్తుంది. ఆయన్ని ఏప్రిల్లోనే కలవండి, మేలో సివిల్ కోర్టులకి వేసవి సెలవులు కాబట్టి కొత్త పాత్ర నేర్చుకోవడానికి ఏడాదంతటిలో అంతకన్నా మంచి నెల మనకి లేదు. క్రిమినల్ కేసులు ఎక్కువున్నవాళ్లు మాత్రం తమ మెజిస్ట్రేట్ కోర్టు మే నెలలో పనిచేస్తుందో లేదో చూసుకుని రోజులు చెప్పండి.