రూపాయి ఫోన్‌లో 8 కాస్తా 3లా కనిపిస్తే

కిళ్లీ కొట్ల ముందు వేలాడిన రూపాయి ఫోన్లు ఇప్పుడు పాత ఇనుం కొట్లలో దొరుకుతున్నాయి. విశాఖ కంచరపాలెంలో నేను కొన్నదానికి తాళంచెవి లేదు, 8 నొక్కితే డిస్‌ప్లేలో 3 వచ్చేది. డిస్‌ప్లే పోయిందని పారేయకండి. సరిగ్గా అదే సైజు డిస్‌ప్లే గాజు మళ్లీ దొరకడం కష్టం.

సమస్య: అంకెల్లో కొన్ని గీతలు రావు, గాజును వేలితో నొక్కితే వస్తాయి.

కారణం: గాజుకీ బోర్డుకీ మధ్య జీబ్రా స్ట్రిప్ అనే సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. గాజుకి కరెంటు అందేది దాని ద్వారానే. విశాఖ ఉప్పుగాలికి ఆ కాంటాక్టులు మసకబారతాయి.

పరిష్కారం: ముందు ఫోన్ లైను పీకేయండి. మామూలుగా లైన్లో ఉండేది 48 వోల్టులే కానీ, మధ్యలో రింగ్ వస్తే చెయ్యి జివ్వుమంటుంది. పట్టీ ఎలా కూర్చుందో విప్పేముందు ఫోటో తీసుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (ఎలక్ట్రానిక్స్ తుడిచే స్పిరిట్) ముంచిన దూదిపుల్లతో పట్టీ అంచులు, గాజు అంచు, బోర్డు మీది గీతలు తుడిచి ఆరనివ్వండి. పట్టీని గోకొద్దు, సాగదీయొద్దు. స్క్రూలన్నీ కొంచెం కొంచెంగా బిగించాలి, ఒక మూలే బిగిస్తే గాజు పగులుతుంది. నాకు రెండోసారి విప్పితే గానీ 8 పూర్తిగా రాలేదు. మొదటిసారి పట్టీ వెంట్రుకవాసి పక్కకి జరిగింది, అంతే.

సమస్య: డిస్‌ప్లే మీద మరకలు.

గాజు పైన అతికించిన పోలరైజర్ ఫిల్మ్ (అంకెలు కంటికి కనిపించేలా చేసే పల్చటి పొర) పాడైతే ఊడదీసి కొత్తది వేయొచ్చు. అతికించే ముందు తిప్పి చూడండి, అడ్డంగా తిరిగితే నల్ల తెర మీద తెల్ల అంకెలు వస్తాయి. (నాకైతే అదే బాగుంది, అలాగే ఉంచేశాను.) మచ్చ గాజు లోపల సిరా ఒలికినట్టు ఉంటే మాత్రం ఆశ వదులుకోండి.

సమస్య: రూపాయి వేస్తే తిరిగొచ్చేస్తుంది.

ఫోన్ తప్పు కాదు, బిళ్ల తప్పు. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో వచ్చింది దాదాపు 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. పాత బిళ్లలు నాలుగు దాచుకోండి.

సమస్య: అవతల ఎత్తినా ఫోన్‌కి తెలియదు, రూపాయి అడగదు.

అవతలివాళ్లు ఎత్తగానే ఎక్స్చేంజీ లైను పోలారిటీని, అంటే ప్లస్ మైనస్‌లను, తిరగేసేది. ఈ ఫోన్ కనిపెట్టేది ఆ మార్పునే. పాత ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే ఇప్పటి అడాప్టర్లలో చాలావాటికి అది ఆఫ్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో పోలారిటీ రివర్సల్ ఉన్న అడాప్టర్ చూసి కొని ఆన్ చేయండి. ఇప్పుడు మా ఇంట్లో అవతల హలో అనగానే ఫోన్ రూపాయి అడుగుతుంది.